పుట్టీలో కర్సెస్ విండోలకు రంగు రావడం లేదు, విండోలు కనిపించి మాయమవుతున్నాయి: సహాయం కావాలి

కాటాగది, చిత్తూరు:

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా గది కోసం సీ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాస్తున్నాను. తోతాపురి సీజనులో ట్రాక్టర్లు, లారీలు టోకెన్లు తీసుకుని గేటు బయట బారులు తీరి ఉంటాయి కాబట్టి, ఏ టోకెను లోడుతో తూగింది, ఏది కాయ దించేసి ఖాళీ బరువు కోసం మళ్లీ కాటా ఎక్కాలి, ఏది ఇంకా గేటు బయటే ఉంది అన్నది గుమాస్తాకు ఒక్క చూపులో తెలియాలని యజమాని కోరిక. సర్వరు ఆఫీసు గదిలో ఉన్న లినక్స్ యంత్రం. కాటా గదిలో ఉన్నది పాత విండోస్ కంప్యూటరు. దాని నుంచి పుట్టీ (వేరే యంత్రంలోకి లాగిన్ అయి, దాని తెరను అక్షరాలలో చూపే ప్రోగ్రాము) ద్వారా సర్వరులోకి లాగిన్ అవుతాము. దీనిని బ్రౌజరులో చేయకూడదా అని అడిగేవారికి ముందుగానే మనవి చేస్తున్నాను: ఆ కంప్యూటరు బ్రౌజరును మోయలేదు, పైగా గుమాస్తాకు మౌసు కంటే కీబోర్డు మీదే చేయి బాగా తిరిగింది.

ఎన్‌కర్సెస్ లైబ్రరీతో (అక్షరాల తెర మీద విండోలు, రంగులు గీసిపెట్టే కర్సెస్ లైబ్రరీకి ఇప్పటి రూపం) మూడు విండోలు పెట్టాను. పైన నీలం పట్టీలో తేదీ, గడియారం ఉంటాయి. ఎడమవైపు టోకెన్ల జాబితా, కుడివైపు ప్రస్తుతం కాటా మీద ఉన్న బండి వివరాలు ఉంటాయి. ఖాళీ బరువు తూగవలసిన బండ్ల టోకెన్లు ఎర్రగా కనిపించాలి. (ఫంక్షన్ల పేర్లను ల్యాబులో నోటితో చదువుకునే తీరులోనే ఇక్కడ రాస్తున్నాను.) ప్రోగ్రాము మొదట ఇనిట్‌స్క్రీన్‌ను, వెంటనే స్టార్ట్‌కలర్‌ను పిలుస్తుంది, తరువాత ఇనిట్‌పెయిర్‌తో నాలుగు రంగుల జతలను, న్యూవిన్‌తో మూడు విండోలను తయారు చేసుకుని, ఒక్కొక్క విండో చుట్టూ బాక్స్ గీసి, లోపల వివరాలు రాసి, ఒక్కొక్కదానికి డబ్ల్యూరిఫ్రెష్ (రాసినదాన్ని తెర మీదికి పంపే ఫంక్షను) ఇస్తుంది. ఆ పైన గెట్‌సీహెచ్‌తో కీ కోసం ఎదురుచూసే లూపు మొదలవుతుంది. కీ నొక్కినప్పుడల్లా విండోలను తిరిగి రాస్తుంది.

ఇప్పుడు చిక్కులు చెబుతాను. సర్వరు దగ్గరే కూర్చుని దాని సొంత మానిటరు మీద నడిపితే రంగులు వస్తున్నాయి, పుట్టీ నుంచి నడిపితే మాత్రం అంతా నలుపు తెలుపే. రెండు చోట్లా విండోలు మెరుపులా కనిపించి మాయమైపోయి ఖాళీ తెర మిగులుతోంది. ఏదో ఒక కీ నొక్కిన తరువాత మళ్లీ వచ్చి నిలబడుతున్నాయి. రంగు వచ్చే మానిటరు మీద కూడా, నీలం అక్షరాల వెనుక మాత్రమే పడుతోంది తప్ప పట్టీ అంతటా పరుచుకోవడం లేదు. వీటికి తోడు, పుట్టీలో బాక్స్ గీతల స్థానంలో క్యూ, ఎక్స్, ఎల్ అనే ఇంగ్లీషు అక్షరాలు బారులుగా వస్తున్నాయి. లోపం కోడులో ఉందా, పుట్టీలో ఉందా, సర్వరు అమరికలో ఉందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. తెలిసినవారు దారి చూపగలరు.

అలిపిరి, తిరుపతి:

కాటాగది గారూ, మీరు చెప్పిన నాలుగు చిక్కులకూ కారణాలు వేరు వేరు కాబట్టి వాటిని కలిపి వెతికితే ఏదీ దొరకదు. నేను మొదటిదాని గురించి, అంటే పుట్టీలో రంగు రాకపోవడం గురించి రాస్తాను.

రంగు కనిపించాలంటే టెర్మినల్‌కు (అంటే అక్షరాలు చూపే తెరకు, ఇక్కడ పుట్టీకి) రంగు వేయగల శక్తి ఉంటే చాలదు. కర్సెస్ ప్రోగ్రాము ఆ శక్తి ఉందో లేదో టెర్మినల్‌ను అడగదు. టెర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (లాగిన్‌తో పాటు ప్రోగ్రాములకు అందే విలువలో) ఏ పేరు ఉందో చూసి, ఆ పేరు మీద టెర్మ్‌ఇన్ఫో డేటాబేసులో ఉన్న వివరణను చదివి, అందులో రాసినదే నమ్ముతుంది. ఎదురుగా ఉన్న తెర కోటి రంగులు చూపగలదైనా, టెర్మ్‌లో ఉన్న పేరుకు రంగులు లేవని డేటాబేసులో రాసి ఉంటే ప్రోగ్రాము రంగు సంకేతాన్ని పంపనే పంపదు. మీ కోడు మానిటరు దగ్గర రంగులు చూపుతోంది కాబట్టి ఈ విషయంలో కోడును అనుమానించవలసిన పని లేదు. సర్వరు మానిటరు మీద లాగిన్ అయినప్పుడు టెర్మ్ విలువ లినక్స్ అని ఉంటుంది, దానికి 8 రంగులు ఉంటాయి.

పుట్టీలో లాగిన్ అయి, ముందు టెర్మ్ విలువను ఎకో చేసి చూడండి, తరువాత టీపుట్ కలర్స్ అనే ఆజ్ఞ ఇవ్వండి. 8 అనో 256 అనో వస్తే నా అనుమానం నిజం కాదు. -1 అని వస్తే ఆ పేరుకు రంగులు లేవని అర్థం. పుట్టీ తనంతట తానుగా ఎక్స్‌టెర్మ్ అనే పేరు పంపుతుంది, ఆ పేరుకు ఎన్‌కర్సెస్ డేటాబేసులో 8 రంగులు ఉన్నాయి. కాబట్టి -1 వస్తే, మీ సర్వరులో ఎవరో ఎప్పుడో నెట్‌వర్క్ లాగిన్ల కోసం ప్రొఫైల్ ఫైలులో (లాగిన్ అయినప్పుడల్లా నడిచే ఫైలు) టెర్మ్ విలువను వీటీ100 అని మార్చి ఉంటారని అనుకోవచ్చు. ఇది చాలా పాత సర్వర్లలో కనిపించే అలవాటు. వీటీ100 అన్నది డెక్ కంపెనీ 1978లో విడుదల చేసిన టెర్మినల్. దానికి రంగు లేదు. ఆ పేరు పెట్టుకున్నంత కాలం ఎన్‌కర్సెస్ మీ పుట్టీని ఆనాటి నలుపు తెలుపు తెరగానే చూస్తుంది.

ఆ వరుసను తీసివేయించి, పుట్టీ సెట్టింగులలో కనెక్షన్ కింద డేటా అనే చోట ఉన్న టెర్మినల్ టైప్ స్ట్రింగ్‌లో ఎక్స్‌టెర్మ్-256కలర్ అని రాయండి. పుట్టీ-256కలర్ అనే పేరు ఇంకా బాగా సరిపోతుంది కానీ, డెబియన్, ఉబుంటు సర్వర్లలో ఆ వివరణ ఎన్‌కర్సెస్-టెర్మ్ అనే విడి ప్యాకేజీలో వస్తుంది. ఆ ప్యాకేజీ లేని సర్వరులో ఆ పేరు పెడితే ప్రోగ్రాము టెర్మినల్‌ను తెరవలేనని చెప్పి మొదట్లోనే ఆగిపోతుంది. ఉన్నదీ లేనిదీ ఇన్ఫోసీఎంపీ అనే ఆజ్ఞకు ఆ పేరు ఇచ్చి చూస్తే తెలిసిపోతుంది.

కోడులో కూడా ఒక్క జాగ్రత్త తీసుకోవడం మంచిది. స్టార్ట్‌కలర్‌ను పిలవడానికి ముందు హ్యాజ్‌కలర్స్ అనే ఫంక్షనుతో రంగులు ఉన్నాయో లేవో అడిగి, జవాబును ఒక వేరియబుల్‌లో ఉంచుకోండి. ఇనిట్‌పెయిర్‌లో జత సంఖ్యను 1 నుంచి మొదలుపెట్టండి. 0 అనే జత తెర సహజ రంగుకు కేటాయించినది, దానిని ఇనిట్‌పెయిర్ మార్చలేదు. 8 రంగుల టెర్మినల్‌లో అక్షరానికి 8, వెనుక తెరకు 8 చొప్పున 64 జతలు దొరుకుతాయి, మీకు కావలసినవి నాలుగే కాబట్టి ఆ పరిమితి గురించి ఆలోచించనక్కర లేదు.

మా ల్యాబులో పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఇనిట్‌స్క్రీన్ ఎలాగూ తెరను సిద్ధం చేస్తున్నప్పుడు రంగు కోసం విడిగా స్టార్ట్‌కలర్ ఎందుకు? కర్సెస్ 1980 ప్రాంతంలో బర్క్‌లీలో పుట్టింది. వీఐ ఎడిటరులో కర్సరును కదిపే కోడు దానికి ఆధారం, రోగ్ అనే ఆట దానిని వాడుకున్న తొలి ప్రోగ్రాములలో ఒకటి. అప్పటికి దానిలో రంగుల ఊసే లేదు. రంగు ఫంక్షన్లు ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 3.2తో వచ్చి చేరాయి. 1993 నుంచి వెలువడుతున్న ఎన్‌కర్సెస్ ఆ సిస్టమ్ ఫైవ్ పద్ధతినే అనుసరించింది కాబట్టి, అడిగిన ప్రోగ్రాముకే రంగు ఇవ్వడం అన్న ఏర్పాటు అలాగే నిలిచిపోయింది. పైథాన్‌లో కర్సెస్ వ్రాపర్ వాడేవారికి ఈ సంగతి తెలియకపోవడానికి కారణం, ఆ వ్రాపరే వారి తరఫున స్టార్ట్‌కలర్‌ను పిలవడం.

రేణిగుంట జంక్షన్:

ఇంత దూరం పోనక్కర లేదండి. షెల్ మొదలైనప్పుడల్లా నడిచే బ్యాష్‌ఆర్‌సీ ఫైలు చివర టెర్మ్ విలువను ఎక్స్‌టెర్మ్-256కలర్ అని ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రొఫైల్‌లో ఎవరు ఏమి రాసినా అది కొట్టుకుపోతుంది. నేను అన్ని సర్వర్లలోనూ ఇలాగే చేస్తాను. అప్పటికీ రాకపోతే కర్సెస్ రంగులను వదిలేసి, ఎస్కేప్ తరువాత చదరపు బ్రాకెట్టు, 31, ఎమ్ అని ప్రింట్ చేస్తే ఎరుపు వస్తుంది. 44 అని ఇస్తే వెనుక నీలం వస్తుంది. ఇవి ఈసీఎంఏ-48 ప్రమాణంలో ఉన్న సంకేతాలే, పుట్టీకి బాగా తెలుసు. నాలుగు రంగుల కోసం ఒక లైబ్రరీ మర్యాదలన్నీ పాటించడం నాకు అనవసరం అనిపిస్తుంది.

పాతకన్సోల్, తిరుపతి:

రేణిగుంట జంక్షన్ గారి రెండు సలహాలనూ ఈ ప్రోగ్రాముకు పాటించవద్దని గట్టిగా చెబుతాను. అవి పని చేయవని కాదు, కొన్నాళ్లు పని చేసి తరువాత కారణం తెలియని చోట దెబ్బ తీస్తాయి.

టెర్మ్ విలువను చెప్పవలసినది టెర్మినల్. ఎందుకంటే తానేమిటో దానికే తెలుసు. దానిని బ్యాష్‌ఆర్‌సీలో బిగించివేస్తే, రేపు ఎవరైనా అదే సర్వరులో టీమక్స్ గానీ స్క్రీన్ గానీ (ఒకే లాగిన్‌లో అనేక తెరలు నడిపే ప్రోగ్రాములు) తెరిచి అందులో ఈ ప్రోగ్రాము నడిపినప్పుడు, నిజంగా ఎదురుగా ఉన్నది స్క్రీన్ అయినా ప్రోగ్రాముకు ఎక్స్‌టెర్మ్ అని అబద్ధం చెప్పినట్టు అవుతుంది. దీని ఫలితం రంగుల విండోలలోనే ముందుగా కనబడుతుంది. తెరలో కొంత భాగాన్ని తుడిచినప్పుడు ఆ భాగం అప్పటి వెనుక రంగుతో నిండుతుందా, లేక నల్లగా మారుతుందా అన్నది టెర్మినల్‌ను బట్టి మారుతుంది. టెర్మ్‌ఇన్ఫోలో దీనిని బీసీఈ అనే గుణంగా రాస్తారు. ఎక్స్‌టెర్మ్ వివరణలో ఆ గుణం ఉంది, స్క్రీన్ అనే సాధారణ వివరణలో లేదు. పేరు తప్పుగా ఉంటే లైబ్రరీ నీలంతో నిండుతుందనుకుని తుడుస్తుంది, తెర మాత్రం నల్లని మచ్చలతో మిగులుతుంది. అప్పుడు కోడు అంతా గాలించినా లోపం దొరకదు.

ఇక ఎస్కేప్ సంకేతాలను నేరుగా ప్రింట్ చేయడం. వరుసగా కిందికి పోయే షెల్ స్క్రిప్టు ఫలితాలకు అది చాలు, నేనూ వాడతాను. కానీ కర్సెస్ నడుస్తున్నప్పుడు అలా చేయకూడదు. కర్సెస్ తన దగ్గర తెర బొమ్మలు రెండు ఉంచుకుంటుంది: ఇప్పుడు తెర మీద ఉందని తాను నమ్ముతున్నది ఒకటి, ఇకమీద ఉండవలసినది ఒకటి. రెండింటికీ తేడా ఉన్న గళ్లను మాత్రమే టెర్మినల్‌కు పంపుతుంది. నెమ్మదైన లైన్ల కాలంలో అక్షరాలను పొదుపు చేయడానికి పుట్టిన ఈ పద్ధతే ఇప్పటికీ దాని ప్రాణం. మీరు దానికి తెలియకుండా పంపిన ఎరుపు మొదటి బొమ్మలో ఉండదు కాబట్టి, అది ఆ గడిని మార్చవలసిన అవసరం లేదనుకుని వదిలేస్తుంది, లేదా మీ ఎరుపు రంగు పక్క విండోలోకి పాకుతుంది.

ఇప్పుడు కాటాగది గారి విండోలు మాయమవడం సంగతి చూద్దాం. అసలు రుచికరమైన చిక్కు ఇదే. ఇనిట్‌స్క్రీన్ పిలిచిన క్షణంలోనే స్టాండర్డ్ స్క్రీన్ అనే విండో ఒకటి తెర మొత్తం పరిమాణంలో పుడుతుంది. మీరు న్యూవిన్‌తో చేసినవి దాని మీద ఆధారపడినవి కావు, దానికి సమానమైన వేరే విండోలు. కర్సెస్‌లో మామూలు విండోలకు ఏది పైన, ఏది కింద అన్న జ్ఞాపకం ఉండదు. ఒకే గోడ మీద సినిమా పోస్టర్లు అంటించినట్టు, చివరికి ఏది రిఫ్రెష్ అయితే అదే పైన కనిపిస్తుంది. మీరు మూడు విండోలకు డబ్ల్యూరిఫ్రెష్ ఇచ్చిన తరువాత గెట్‌సీహెచ్‌ను పిలిచారు. గెట్‌సీహెచ్ అంటే స్టాండర్డ్ స్క్రీన్ మీద కీ చదవడం. కీ కోసం ఆగే ముందు ఆ విండోలో తెరకెక్కని మార్పులు ఉంటే దానిని తానే రిఫ్రెష్ చేస్తుంది. పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా రిఫ్రెష్ కాని స్టాండర్డ్ స్క్రీన్ మొత్తం అలాంటి మార్పే కాబట్టి, ఖాళీ తెర వచ్చి మీ మూడు విండోల మీదా పడుతోంది. కీ నొక్కాక మీ లూపు విండోలను తిరిగి రాస్తోంది, అప్పటికి స్టాండర్డ్ స్క్రీన్‌లో కొత్త మార్పు ఏదీ లేదు కాబట్టి అవి నిలబడుతున్నాయి.

విరుగుడు సులువు. విండోలు తయారు చేయడానికి ముందే ఒకసారి రిఫ్రెష్ పిలిచి స్టాండర్డ్ స్క్రీన్ బాకీ తీర్చేయండి. ఆ తరువాత గెట్‌సీహెచ్‌ను పూర్తిగా మానుకుని, టోకెన్ల విండో పేరు ఇచ్చి డబ్ల్యూగెట్‌సీహెచ్ వాడండి. అది కూడా తనకిచ్చిన విండోను రిఫ్రెష్ చేస్తుంది కానీ, అది మీకు కావలసిన విండోయే. బాణం కీలు పనిచేయాలంటే కీప్యాడ్ అనే ఫంక్షనును కూడా ఆ విండోకే ఇవ్వాలి, స్టాండర్డ్ స్క్రీన్‌కు ఇచ్చినది దీనికి చెల్లదు. పైన గడియారం ఉందన్నారు కాబట్టి, ఆ విండోకు డబ్ల్యూటైమౌట్‌తో 1000 మిల్లీసెకన్లు పెట్టండి. కీ రాకపోతే సెకనుకోసారి ఎర్ర్ అనే విలువతో తిరిగి వస్తుంది, అప్పుడు గడియారం మార్చుకోవచ్చు.

నీలం పట్టీ నిండకపోవడానికి కారణం మీరు డబ్ల్యూయాట్రాన్ వాడి ఉండడం. అది ఇకమీద రాయబోయే అక్షరాలకు రంగు ఇస్తుంది, రాయని గళ్లను ముట్టుకోదు. విండో అంతటికీ రంగు కావాలంటే డబ్ల్యూబీకేజీడీ అనే ఫంక్షనుకు ఆ రంగుల జత ఇవ్వాలి. విండోను తయారు చేసిన వెంటనే, ఏమీ రాయక ముందే ఇస్తే గందరగోళం ఉండదు. ఆ తరువాత డబ్ల్యూఎరేజ్‌తో తుడిచినా ఆ రంగే మిగులుతుంది. డబ్ల్యూక్లియర్ జోలికి మాత్రం పోవద్దు: అది విండోను తుడవడంతో ఊరుకోకుండా, తరువాతి రిఫ్రెష్‌లో తెర మొత్తాన్ని మొదటి నుంచి గీయమని గుర్తు పెడుతుంది, సెకనుకోసారి గడియారం మార్చే మీ ప్రోగ్రాములో అది రెపరెపలాడే తెరగా కనిపిస్తుంది. మూడు విండోలను ఒకేసారి మార్చినప్పుడు మూడు డబ్ల్యూరిఫ్రెష్‌లకు బదులు మూడింటికీ డబ్ల్యూనౌట్‌రిఫ్రెష్ ఇచ్చి చివర ఒక్క డూఅప్‌డేట్ ఇస్తే తెర ఒక్క కదలికలో మారుతుంది.

బాక్స్ గీతల మీద అక్షరాలు పడకుండా ఉండేందుకు, పెద్ద విండోలో గీత మాత్రం గీసి, దాని లోపల డెర్విన్‌తో అన్ని వైపులా ఒక్కొక్క గడి తగ్గించిన చిన్న విండోను తీసుకుని అందులో రాయడం నాకు నచ్చిన పద్ధతి. ముందు ముందు ఒక విండో మీద ఇంకొకటి తెరిచి మూయవలసి వస్తే, అంటే టోకెను రద్దు చేయాలా అని అడిగే చిన్న పెట్టె లాంటిది పెట్టవలసి వస్తే, ప్యానెల్ లైబ్రరీ వాడండి; ఏది పైన ఉందన్న జ్ఞాపకం అది ఉంచుకుంటుంది. ఇప్పుడున్న మూడు విండోలు ఒకదానినొకటి తాకవు కాబట్టి దాని అవసరం లేదు.

కాటాగది, చిత్తూరు:

అలిపిరి గారికీ పాతకన్సోల్ గారికీ ధన్యవాదాలు. పుట్టీలో టీపుట్ కలర్స్ -1 అనే చెప్పింది, ప్రొఫైల్ ఫైలులో వీటీ100 అన్న వరుస నిజంగానే ఉంది. సర్వరు చూసుకునేవారితో మాట్లాడి దానిని తీసివేయించాము. పుట్టీలో పేరు మార్చాక ఇప్పుడు 256 అని వస్తోంది. ముందుగా రిఫ్రెష్, తరువాత డబ్ల్యూగెట్‌సీహెచ్ పెట్టిన తరువాత విండోలు మాయమవడం ఆగిపోయింది, పట్టీ అంతా నీలంగా నిండింది.

గీతల స్థానంలో అక్షరాలు రావడం మాత్రం అలాగే ఉంది. ఇంకొక కోరిక కూడా ఉంది. టోకెను పక్కన రైతు ఊరి పేరు తెలుగులో చూపమని గుమాస్తా అడుగుతున్నాడు. పూతలపట్టు, బంగారుపాళ్యం, గుడిపాల అని తెలుగులో ప్రింట్ చేస్తే కుడివైపు గీత ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క చోటికి జరుగుతోంది. ఊరి పేరుకు 15 గళ్లు కేటాయిస్తూ ప్రింట్ ఫార్మాటులో మైనస్ 15 ఎస్ అని ఇచ్చాను. ఇంగ్లీషు పేర్లకు అది సరిగ్గా ఉంది.

అలిపిరి, తిరుపతి:

ఈ రెండింటికీ మూలం ఒకటే: ప్రోగ్రాముకు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) సంగతి తెలియకపోవడం. ముందుగా సర్వరులో లొకేల్ అనే ఆజ్ఞ ఇచ్చి యూటీఎఫ్-8 లొకేల్ (భాష, అక్షరాల అమరిక) ఉందని చూసుకోండి, పుట్టీలో విండో కింద ట్రాన్స్‌లేషన్‌లో కూడా యూటీఎఫ్-8 ఉండాలి. ప్రోగ్రాములో ఇనిట్‌స్క్రీన్ కంటే ముందు సెట్‌లొకేల్‌ను ఎల్‌సీ-ఆల్, ఖాళీ స్ట్రింగ్‌తో పిలవండి; లింకు చేసేటప్పుడు ఎన్‌కర్సెస్ బదులు ఎన్‌కర్సెస్‌డబ్ల్యూ అని ఇవ్వండి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా రెండవదాని వల్ల ప్రయోజనం ఉండదు.

గీతల విషయం ఇదీ. వీటీ100 నాటి పద్ధతిలో గీతలు గీయడానికి టెర్మినల్‌ను మరొక అక్షరమాలకు మళ్లించి, క్యూ పంపితే అడ్డగీత, ఎక్స్ పంపితే నిలువుగీత, ఎల్ పంపితే పై ఎడమ మూల వస్తాయి. యూటీఎఫ్-8లో ఉన్నప్పుడు పుట్టీ ఆ మళ్లింపును పట్టించుకోదు, కాబట్టి పంపిన అక్షరాలే తెర మీద పడతాయి. ఎన్‌కర్సెస్-నో-యూటీఎఫ్8-ఏసీఎస్ అనే వేరియబుల్‌ను, పేరులోని మాటల మధ్య అండర్‌స్కోర్లతో, 1 అని పెట్టి ప్రోగ్రామును నడిపితే లైబ్రరీ ఆ పాత మళ్లింపును మానుకుని యూనికోడ్ గీతలనే నేరుగా పంపుతుంది. పేరు చూస్తే దాని పని తిరగబడి ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, పుట్టీకి కావలసినది అదే. దీనిని అందరి ప్రొఫైల్‌లో కాకుండా ఈ ప్రోగ్రామును మొదలుపెట్టే చిన్న స్క్రిప్టులో పెట్టడం మేలు.

ఊరి పేర్లు జరగడానికి కారణం మీ మైనస్ 15 ఎస్. ఆ ఫార్మాటు లెక్కపెట్టేది బైట్లను, గళ్లను కాదు. పూతలపట్టు అన్నది కంటికి 5 అక్షరాలు. యూనికోడ్‌లో గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి 9 గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు కాబట్టి 27 బైట్లు. 27 అన్నది 15 కంటే ఎక్కువే కనుక ఫార్మాటు ఒక్క ఖాళీ కూడా చేర్చదు, తరువాతి వివరం పేరును ఆనుకుని వచ్చేస్తుంది. ఖాళీలతో నింపే పద్ధతిని వదిలేసి, పేరు రాసిన తరువాత డబ్ల్యూమూవ్‌తో తరువాతి వివరం మొదలవవలసిన గడికి నేరుగా వెళ్లి రాయండి. పేరు మరీ పొడవైతే కత్తిరించవలసి వస్తుంది కాబట్టి, దానిని వైడ్ అక్షరాలలోకి మార్చి డబ్ల్యూసీఎస్‌విడ్త్‌తో ఎన్ని గళ్లు పడుతుందో కొలుచుకోండి.

ఇంత చేసినా తెలుగు విషయంలో పూర్తి హామీ ఇవ్వలేను. ఒత్తుకు, గుణింతానికి ఎన్ని గళ్లు అన్నదానిలో లైబ్రరీ లెక్క ఒకటి, టెర్మినల్ లెక్క ఒకటి అయినప్పుడు ఆ వరుసలో దాని తరువాత ఉన్నవన్నీ జరుగుతాయి. అందువల్ల ఊరి పేరును టోకెన్ల విండోలో వరుసకు చివరి వివరంగా పెట్టి, ఆ విండోను తెర కుడివైపుకు మార్చి, దానికి కుడి గీత గీయకుండా వదిలేయండి. జరిగినా అప్పుడు జరగడానికి అక్కడ ఏమీ ఉండదు.

రేణిగుంట జంక్షన్:

బీసీఈ సంగతి నాకు కొత్త. టీమక్స్‌లో ఒక ప్రోగ్రాముకు నల్లని మచ్చలు వస్తుంటే ఇంతకాలం ఫాంటు లోపం అనుకున్నాను. మరి టీమక్స్‌లో ఏ పేరు పెట్టుకోవాలి?

పాతకన్సోల్, తిరుపతి:

టీమక్స్ సొంత అమరిక ఫైలులో డిఫాల్ట్-టెర్మినల్ విలువగా టీమక్స్-256కలర్ పెట్టండి, అది లేని పాత సర్వరైతే స్క్రీన్-256కలర్ పెట్టండి. బ్యాష్‌ఆర్‌సీలోని వరుసను తీసేయండి. మీరు వెళ్లే సర్వరుకు ఆ పేరే తెలియకపోతే, ఇన్ఫోసీఎంపీతో ఇక్కడి వివరణను తీసి అక్కడ టిక్ అనే ఆజ్ఞకు అందిస్తే, రూట్ అధికారం లేకపోయినా మీ హోమ్ డైరెక్టరీలో చుక్క-టెర్మ్‌ఇన్ఫో కింద అది చేరుతుంది.

కాటాగది గారికి రంగుల ఎంపిక గురించి ఒక మాట. ఎర్ర టోకెన్లను నల్లని తెర మీద ఎర్ర అక్షరాలుగా కాకుండా ఎర్ర పట్టీ మీద తెల్ల అక్షరాలుగా చూపండి. కాటా గదిలో పగటి వెలుతురు తెర మీద పడినప్పుడు మొదటిది కనిపించదు. అదే కారణంతో నల్లని తెర మీద నీలం అక్షరాలు ఎక్కడా వాడవద్దు, పుట్టీలో నీలం మరీ ముదురు. మార్చుకోవాలంటే పుట్టీలోనే విండో కింద కలర్స్‌లో యాన్సీ బ్లూ విలువను పెంచుకోవచ్చు. ప్రోగ్రాము నుంచి ఇనిట్‌కలర్‌తో రంగు పాళ్లను 0 నుంచి 1000 మధ్య మార్చే వీలు ఉన్నా, మార్చగలనని టెర్మ్‌ఇన్ఫోలో రాసి ఉండి కూడా ఆ ఆజ్ఞను పట్టించుకోని టెర్మినల్స్ ఉన్నాయి కాబట్టి దాని మీద ఆధారపడకండి. పసుపు రంగు కొన్ని తెరల మీద గోధుమ రంగుగా వస్తుంది, దానికి బోల్డ్ గుణం చేర్చితే చాలా చోట్ల పసుపుగా మారుతుంది.

అలిపిరి గారు ఉంచుకోమన్న హ్యాజ్‌కలర్స్ జవాబును ఇక్కడ వాడండి: రంగు లేదని తేలిన టెర్మినల్‌లో ఎర్ర జతకు బదులు రివర్స్ గుణం (అక్షరం రంగునూ వెనుక రంగునూ తారుమారు చేసేది) ఇచ్చి, టోకెను ముందు ఒక నక్షత్రం గుర్తు పెట్టండి. ప్రోగ్రాము ఏ దారిన ముగిసినా ఎండ్‌విన్ పిలిచేలా చూడండి. అది పిలవకుండా మధ్యలో కూలిపోతే గుమాస్తా టైపు చేసేది తెర మీద కనిపించకపోవచ్చు. అలా జరిగితే కనిపించకపోయినా రీసెట్ అని టైపు చేసి ఎంటర్ నొక్కమని అతనికి చెప్పి ఉంచండి.